నంబరు లేని పేజీ

“అన్నా, నూర్ బయటికి దుంకొచ్చునా?” అని అడిగింది మాహిరా.

శుక్రవారం మధ్యాహ్నం నాలుగు కావస్తోంది. కిషన్‌బాగ్‌లో తౌఫీఖ్ వాళ్ల మేడ మీది గదిలో నలుగురు ఒక చాప చుట్టూ కూర్చున్నారు. చాప మధ్యలో పెద్ద కాగితం, దాని నిండా ఆరు పలకల గళ్లు. గళ్ల మీద అత్తరు సీసా మూత ఒకటి, కోటు గుండీలు మూడు. అత్తరు మూత వాళ్ల అంతరిక్ష నౌక, దాని పేరు చమేలీ. గుండీలు దాన్ని తరుముతున్న దొంగ ఓడలు. కాగితం తిప్పి చూస్తే ఎవరిదో పెళ్లి పిలుపు కనిపిస్తుంది. ఛత్తా బజార్‌లో తౌఫీఖ్, విశ్వేశ్వర్ పనిచేసే పెళ్లికార్డుల దుకాణంలో రంగు చెడి పక్కన పడేసిన షీట్ల మీదే ఈ ఆకాశమంతా గీశారు.

ఆటలో తౌఫీఖ్‌ది కథ నడిపే పని. దొంగ ఓడలు ఎటు తిరగాలో, ఎప్పుడు కాల్చాలో అతని ఇష్టం. మిగతా ముగ్గురూ చమేలీలో తలా ఒక మనిషి. వరుణ్ ఫిరంగుల దగ్గర, విశ్వేశ్వర్ చుక్కాని దగ్గర, తౌఫీఖ్ చెల్లెలు మాహిరా ఇంజను గదిలో. ఇంజను గదిలో ఉండే ఆవిడ పేరు నూర్. ఏం జరిగిందో పాచిక చెబుతుంది, పాచికకు అర్థం రూల్సు పుస్తకం చెబుతుంది, ఇంగ్లిషులో ఉన్న ఆ పుస్తకానికి అర్థం విశ్వేశ్వర్ చెబుతాడు. మూడేళ్లుగా అదే పద్ధతి.

ఇప్పుడు మూడో గుండీ కాల్చిన దెబ్బ సరిగ్గా ఇంజను గదికి తగిలింది. గదిలో మంటలు. నూర్ పక్కనే తలుపుంది.

విశ్వేశ్వర్ కళ్లజోడు ముక్కు చివరికి దించుకొని, స్పైరల్ బైండింగు చేసిన జిరాక్స్ పుస్తకం ఒళ్లోకి లాక్కున్నాడు. చెవి మీది పెన్సిల్ తీసి పేజీలు తిప్పాడు. ఇలాంటప్పుడు అతను తొందరపడడు. ముగ్గురూ తన ముఖం వైపే చూస్తారని అతనికి తెలుసు. పెన్సిల్ మొన ఒక వాక్యం కింద ఆనించి, ముందు ఇంగ్లిషులో చదివి, తర్వాత తెలుగులో చెప్పాడు.

“ఒక రౌండ్‌ల ఒక మనిషికి ఒకటే పని. నూర్ ఈ రౌండ్‌ల షీల్డుకు కరెంటు పంపింది గద? ఆమె పని అయిపోయింది. దుంకుడంటే రెండో పనైతది. కుదరదు బిడ్డా.”

“పక్కానా అన్నా?” అన్నాడు తౌఫీఖ్.

“పక్కా.”

మాహిరా ఒళ్లో ఫోను వెలుగుతోంది. ఆమె దానివైపు చూసింది, తర్వాత విశ్వేశ్వర్ వైపు చూసింది. ఈ కాలం పిల్లలు ప్రాణం మీదికి వచ్చినా ఫోను వదలరని అతను మనసులో అనుకున్నాడు. వరుణ్ ఏదో అనబోయి, మాహిరా ముఖం చూసి, పళ్లెంలోంచి ఒక మిర్చీ బజ్జీ తీసి నోట్లో పెట్టుకున్నాడు.

“సరే అన్నా,” అంది మాహిరా. ఫోను బోర్లా పెట్టింది.

తౌఫీఖ్ పాచిక వేశాడు. ఇరవై ముఖాల పాచిక దొర్లి దొర్లి చాప అంచున ఆగింది. అతను నంబరు చూసి, “నూర్ ఖతమ్,” అన్నాడు మెల్లగా.

ఏడాదిన్నరగా మాహిరా నూర్ కోసం ఒక పచ్చ అట్ట నోటుబుక్కు పెట్టింది. నూర్ ఎక్కడ పుట్టింది, ఏ పాట పాడితే ఇంజను మాట వింటుంది, తండ్రి మీద ఎందుకు కోపం, అన్నీ అందులో రాసుకుంది. ఇప్పుడా బుక్కు మూసి, దానికి రబ్బరుబ్యాండు చుట్టి, “చాయ్ తెస్త,” అంటూ కిందికి దిగింది. చాయ్ మాత్రం వాళ్లమ్మ వహీదా తెచ్చింది. విశ్వేశ్వర్ అదేమీ పట్టించుకోలేదు. ఇంజనీరు లేని ఓడ ఎంత వేగంతో పోతుందో వెతకడంలో మునిగిపోయాడు. ఆ రూలు దొరికాక చాలా సంతోషపడ్డాడు కూడా.

ఛత్తా బజార్ దుకాణంలో విశ్వేశ్వర్ పని ప్రూఫులు దిద్దడం. తెలుగు, ఇంగ్లిషు కార్డులు అతనివి. ఉర్దూ కార్డులు యజమాని కమాలుద్దీన్ సాబ్ స్వయంగా చూసుకుంటారు. ఎదురు బల్ల మీద తౌఫీఖ్ కంప్యూటర్‌లో పూలతీగలు, వినాయకులు, చంద్రవంకలు అమరుస్తుంటాడు. విశ్వేశ్వర్ బల్లకు అవతలి వైపు ఒక ఖాళీ కుర్చీ ఉంది. అది సీమోనుది.

సీమోను ఉన్న రోజుల్లో ప్రూఫు ఇద్దరి పని. విశ్వేశ్వర్ దిద్దిన ప్రూఫు పైకి చదివేవాడు. సీమోను, కార్డు వేయించుకునే పార్టీ రాసిచ్చిన కాగితం చేతిలో పట్టుకొని వినేవాడు. ఎక్కడన్నా తేడా వస్తే నోరు మెదిపేవాడు కాదు. పెన్సిల్ వెనక వైపుతో బల్ల మీద ఒక్కసారి టక్కుమనిపించేవాడు. విశ్వేశ్వర్ ఆగి, వెనక్కి వెళ్లి, తప్పు తనే పట్టుకునేవాడు. ఒకరి తప్పు ఇంకొకరు పేరుపెట్టి చెప్పకూడదని వాళ్లిద్దరి మధ్య మర్యాద. సీమోను పోయి నాలుగేళ్లయింది. ఆ కుర్చీలో ఇప్పుడు శాంపిల్ ఆల్బములు కూర్చుంటున్నాయి. విశ్వేశ్వర్ తనలో తనే చదువుకుంటాడు.

శనివారం పొద్దున తౌఫీఖ్ మౌసు కదుపుతూనే అన్నాడు. “అన్నా, మాహిరా వచ్చే జుమ్మా నుంచి ఆడదంట. పరీక్ష పేపర్లు దిద్దాలంట.” మాహిరా దగ్గర్లోని ప్రైవేటు బడిలో లెక్కల టీచరు.

“పేపర్లెన్ని రోజులుంటయి? కొత్త మనిషిని తయారు చేసుకోమను. నేను రూల్సు చెప్త.”

“వద్దంట అన్నా. ఛోడో, దాని ఇష్టం.”

తౌఫీఖ్ ఇంకేదో అంటాడేమోనని విశ్వేశ్వర్ చూశాడు. అతను తెరమీద చంద్రవంకను పక్కకు జరిపాడు. ఆటన్నాక చావులు ఉండవా, రూలు రూలే కదా, అని సర్దిచెప్పుకొని విశ్వేశ్వర్ చేతిలోని షష్టిపూర్తి కార్డులోకి తల దూర్చాడు. అయినా “సరే అన్నా” అన్న మాట చెవిలోనే ఉండిపోయింది. ఎదురు మాట్లాడితే బాగుండేదనిపించింది. లొల్లి చేసుంటే పుస్తకం తెరిచి ఇంకా బాగా చెప్పేవాడు.

సాయంత్రం గౌలిపురలో తన గదికి చేరేసరికి ఇంటి యజమానురాలు వరమ్మ బర్రెకు కుడితి పెడుతోంది. “వచ్చినవా?” అంది. “వచ్చిన,” అన్నాడు. వాళ్లిద్దరి మధ్య రోజుకు ఆ రెండు మాటలే నడుస్తాయి. గదిలోకి వెళ్లి ఒక గ్లాసు బియ్యం కడిగి స్టౌ మీద పెట్టాడు. ఆ తర్వాత మర్నాడు పొద్దున దుకాణం చేరేదాకా మాట్లాడే పని ఉండదు. దుకాణంలో కూడా మాటలు కార్డుల మీదనే. అతన్ని ఒకరు ప్రశ్న అడిగి, జవాబు కోసం ఎదురుచూసే చోటు ఈ ఊళ్లో ఒక్కటే ఉంది. అక్కడ వారానికి రెండున్నర గంటలు ఉంటాడు. అన్నం ఉడికేదాకా రూల్సు పుస్తకం తిరగేశాడు. ఆ వాసన, ఆ స్పైరల్ తీగ అతనికి హాయిగా ఉంటాయి. శుక్రవారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

మంగళవారం రామ్‌చందర్ అనే బట్టల వ్యాపారి కార్డుల కట్ట పట్టుకొని దుకాణంలోకి వచ్చాడు. మనిషి లోపలికి రాకముందే గొంతు వచ్చింది.

“మా నాయనమ్మ పేరేదయ్యా? ఏడున్నది చూపెట్టు!”

కమాలుద్దీన్ సాబ్ కార్డు తీసుకొని విశ్వేశ్వర్‌కు ఇచ్చారు. విశ్వేశ్వర్ కార్డు అడుగు వైపు చూశాడు. “ఆహ్వానించువారు” అన్న మాట ఉంది. దాని కింద ఉండాల్సిన నాగమణమ్మ అన్న పేరు లేదు. ప్రూఫు తీసి చూశాడు, అందులో ఉంది. షీట్లు కోసే దగ్గర కత్తి వేలెడు పైకి పడింది, ఆఖరు వరస కాస్తా కత్తిరింపుల్లోకి పోయింది.

“తొంభై ఏండ్ల ముసల్ది. కార్డు చేతిల వెట్టుకొని ఒక్కొక్క పేరు తడుముకుంట వచ్చింది. ఆఖరికి నా పేరేది బిడ్డా అన్నది. నేనేం చెప్పాలె?”

“మళ్లీ వేసిస్తం సేట్. మాదే గల్తీ,” అన్నారు కమాలుద్దీన్ సాబ్. అతన్ని కూర్చోబెట్టి చల్లటి నీళ్లు తెప్పించారు. రామ్‌చందర్ వెళ్లాక విశ్వేశ్వర్‌ను ఏమీ అనలేదు. “కోసినంక శాంపిల్ చూసింది మీరే గద విశ్వేశ్వర్ సాబ్?” అని మాత్రం అడిగారు.

చూసింది అతనే. సోమవారం పొద్దున శాంపిల్ కార్డు చేతికి వస్తే పైనుంచి కిందిదాకా చదివి సంతకం పెట్టాడు. ఆ పేరు చదివినట్టు కూడా గుర్తుంది. లేని పేరును ఎలా చదివాడో అతనికే తెలియలేదు. ప్రూఫులో పదిసార్లు చూసిన పేరు, కన్ను అలవాటు కొద్దీ దాన్ని అక్కడ పెట్టేసింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఇలాంటిది జరగలేదు అనుకోబోయి ఆగాడు. జరగలేదా, జరిగినా టక్కుమనే చప్పుడు లేక తెలియలేదా?

ఆ సాయంత్రం అన్నం పెట్టుకోకుండానే రూల్సు పుస్తకం ముందేసుకున్నాడు. ఏదో వెతకాలని కాదు, అనుమానం పుట్టాక చేతులు ఊరుకోలేదు. పేజీల్లో రాత చూడలేదు. అడుగు అంచులు మాత్రం చూసుకుంటూ పోయాడు. ప్రతి పేజీ కింద మధ్యలో నంబరు ఉంది. ఎనభై నాలుగు, ఎనభై ఐదు, ఎనభై ఆరు. తర్వాతి పేజీ కింద నంబరు లేదు. ఆ తర్వాత ఎనభై ఎనిమిది.

నంబరు లేని ఆ పేజీలోనే, ఆఖరు వాక్యం కింద, అతని పెన్సిల్ గీత ఉంది. ఒక రౌండ్‌లో ఒక మనిషికి ఒకటే పని.

జిరాక్స్ తీసినవాడు కాగితం కాస్త వంకరగా పెట్టినట్టున్నాడు. నంబరు పోయిందంటే దాని పైన ఎన్ని వరసలు పోయాయో. మూడేళ్లలో ఈ పేజీ వందసార్లు చూశాడు. నంబరు పోయిన సంగతి చూడలేదు. ఊరందరి కార్డులకు కామాలు పెట్టే మనిషి. అతనికి సిగ్గేసింది.

బుధవారం మధ్యాహ్నం తౌఫీఖ్ నమాజుకు వెళ్లినప్పుడు విశ్వేశ్వర్ వెళ్లి అతని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అసలు పుస్తకం అందులో ఉందని అతనికి తెలుసు. తెరమీద చదవడం కళ్లకు పడదని ఎప్పుడూ దాని జోలికి పోలేదు. అలవాటు లేని మౌసుతో ఎనభై ఏడో పేజీ చేరేసరికి ఐదు నిమిషాలు పట్టింది. అడుగున రెండు వరసలు ఎక్కువ ఉన్నాయి. ఆ ఇంగ్లిషును అతను మనసులో తెలుగు చేసుకున్నాడు, అలవాటు ప్రకారం. ప్రాణం కాపాడుకోవడం పని కింద లెక్క కాదు. రౌండ్ ఏ దశలో ఉన్నా ఆ మనిషి తప్పించుకోవడానికి పాచిక వేయవచ్చు.

నూర్ దుంకొచ్చు. తలుపు పక్కనే ఉంది.

తౌఫీఖ్ వచ్చేలోగా ఆ పేజీ మూసేసి తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఎవరూ చూడలేదు.

గురువారమంతా అతనికి కార్డుల మీద మనసు నిలవలేదు. చెబితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. ఆ చాప మీద తనేం చేస్తున్నాడు? వాళ్లు చెప్పుకునే సినిమాలు తను చూడలేదు. వాళ్ల జోకులకు ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాడు. పాచిక కూడా అతని చేతిలో ఎప్పుడూ చిన్న నంబరే పడుతుంది. యాభై రెండేళ్ల మనిషిని పిల్లలు పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఒకటే కారణం, రూలు అతనికి తెలుసు. ఆ రూలే తప్పు చెప్పాడని తేలితే ఇక ఆ చాప మీద అతనికి చోటెక్కడిది? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పోయింది ఒక కాగితం మనిషి.

అలా అనుకున్నాడు కానీ రబ్బరుబ్యాండు చుట్టిన పచ్చ నోటుబుక్కు కళ్ల ముందునుంచి పోలేదు. ఇరవై నాలుగేళ్ల పిల్ల ఏడాదిన్నర కూర్చి పెట్టుకున్న మనిషిని తను ఒక్క పెన్సిల్ గీతతో తీసేశాడు. అప్పుడు తల ఎత్తి ఆ పిల్ల ముఖం కూడా చూడలేదు. నాగమణమ్మ కార్డు తడుముకున్నట్టే మాహిరా ఆ నోటుబుక్కులో తన మనిషి కోసం తడుముకుని ఉంటుంది. సాయంత్రం వరమ్మ “వచ్చినవా?” అంటే “తప్పు చేసిన వరమ్మా,” అన్నాడు. ఆమె బర్రె వెనకనుంచి తల పైకెత్తింది. “కిరాయి సంగతా?” అని అడిగింది. “కాదు,” అని లోపలికి వెళ్లిపోయాడు.

శుక్రవారం దుకాణం మధ్యాహ్నమే కట్టేస్తారు. షేరింగ్ ఆటోలో కిషన్‌బాగ్ చేరి మెట్లెక్కేసరికి చాప పరిచి ఉంది, గళ్ల కాగితం మీద అత్తరు మూత వెనకటి చోటే ఉంది. తౌఫీఖ్, వరుణ్ ఇద్దరే ఉన్నారు. మాహిరా కింద వరండాలో నాపరాయి అరుగు మీద జవాబు పత్రాలు ముందేసుకొని కూర్చోవడం వస్తూ చూశాడు. ఆమె “సలాం అన్నా,” అంది. అతను తల ఊపి పైకొచ్చేశాడు.

“మొదలుపెడదామా? ఇంజనీరు లేదు, స్పీడు సగం, గదే గద అన్నా రూల్?” అన్నాడు వరుణ్. వరుణ్‌ది గౌలిపురే, పాల వ్యాపారం. వారమంతా క్యాన్లు మోసి శుక్రవారం ఫిరంగులు కాలుస్తాడు.

విశ్వేశ్వర్ కూర్చోలేదు. పుస్తకం తెరిచి నంబరు లేని పేజీ చాప మీద పెట్టాడు.

“ముందు ఒక మాట. పోయిన వారం నేను చెప్పిన రూల్ తప్పు. ఈ పేజీ అడుగు జిరాక్స్‌ల కట్ అయింది. ప్రాణం కాపాడుకునుడు పని కింద లెక్క కాదు. నూర్ దుంకొచ్చు. నేను… నేను చూస్కోలేదు. నాదే తప్పు.”

చెప్పేశాక ఊపిరి పీల్చుకొని వాళ్లవైపు చూశాడు. ఆశ్చర్యపోతారనుకున్నాడు, కాదంటే కోప్పడతారనుకున్నాడు. తౌఫీఖ్ వరుణ్ వైపు చూశాడు. వరుణ్ మెడ గోక్కున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ పేజీవైపు చూడలేదు.

ఇరవై ఎనిమిదేళ్లు అచ్చుతప్పులు వెతికిన కళ్లు అవి. ఆ రెండు ముఖాల్లో ఏం లేదో అతనికి వెంటనే పట్టుబడింది.

“మీకు తెలుసా?”

“అన్నా, గట్ల కాదు…” అన్నాడు తౌఫీఖ్.

“తెలుసా, తెల్వదా?”

“మాహిరాకు ఆ దినమే తెలుసు. మీరు పోయినంక మాకు చెప్పింది. మీకు చెప్పొద్దన్నది.”

విశ్వేశ్వర్ కిందికి దిగాడు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. వరండాలో మాహిరా ఎర్ర పెన్నుతో ఎవరి లెక్కకో అర మార్కు వేస్తోంది. తలుపు లోపల వహీదా చాయ్ గిన్నె పెడుతోంది. అతను అరుగు ఈ చివర కూర్చున్నాడు. ఇద్దరి మధ్య జవాబు పత్రాల కట్ట.

“ఫోన్‌ల చూస్తున్నవు ఆ రోజు. గది పుస్తకమేనా?”

మాహిరా పెన్ను ఆపింది. “అవునన్నా.”

“చూసి కూడ ‘సరే అన్నా’ అన్నవు.”

ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది.

“నిరుడు వరుణ్ ఒకసారి మీకు అడ్డం చెప్పిండు, యాదున్నదా? ఓడ ఎన్ని గళ్లు తిరగాలె అనేదాని మీద. వాడు చెప్పిందే కరెక్టు. మీరు ఏం అనలే. మీ చెవులు ఎర్రగయినయి. తర్వాత మూడు జుమ్మాలు రాలే. జ్వరమన్నరు.”

జ్వరం రాలేదు. ఆ మూడు శుక్రవారాలూ గదిలో పడుకొని పైకప్పు చూశాడు.

“ఆ మూడు జుమ్మాలు అలవాటుకొద్దీ ఐదు కప్పుల చాయ్ పెట్టిన భాయ్. ఒకటి మళ్ల గిన్నెల పోసిన,” అంది వహీదా లోపలినుంచి.

“అప్పుడే అనుకున్నం అన్నా, మీకు అడ్డం చెప్పొద్దని,” అంది మాహిరా. “మీరు తప్పు చెప్తే గదే రూల్ అనుకొని ఆడుతున్నం. ఎవరికి నష్టం లేదు గద అని.”

ఏడాదిగా. ప్రతి శుక్రవారం ముగ్గురూ తన ముఖం వైపు చూసింది జవాబు కోసం కాదు. పెన్సిల్ ఎక్కడ ఆనుతుందా, ఈసారి ఏం మింగాల్సి వస్తుందా అని చూశారు. ఆ చాప మీద తను వాళ్లకు అండ అనుకున్నాడు. వాళ్లే తనను జాగ్రత్తగా మోస్తున్నారు, పాలక్యాను తొణకకుండా పట్టుకున్నట్టు. గదిలో ఒక్కడే ఉన్నప్పుడు కూడా అతనికి ఇంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

“మరి నూర్‌కు నష్టమైంది గద బిడ్డా.”

మాహిరా తల వంచుకుంది. “నిజం రూల్‌తోని పోతే ఏడ్చి ఊకుందును. తప్పని తెలిసి, నోరు మూస్కొని కూసుండాల్నంటే నాతోని కాలే. మళ్ల ఆడ కూసుంటే ఎప్పుడో ఒకసారి మీ మీద అరుస్త. అరుస్తే మీరు రారు. అందుకే నేనే మానుకున్న.”

చాయ్ పొంగే చప్పుడు లోపలినుంచి వినిపించింది. విశ్వేశ్వర్ జవాబు పత్రాల కట్ట అంచులు వేళ్లతో సరిచేశాడు, అవి సరిగానే ఉన్నా. ఇంటికి వెళ్లిపోవాలనిపించింది. ఆటో ఎక్కితే అరగంటలో గది. మూడు శుక్రవారాలు కాదు, ఇంకెప్పుడూ రానక్కర్లేదు. చెవులు వేడెక్కడం అతనికే తెలుస్తోంది. ఆ పిల్ల వాటినే చూస్తోంది.

“ఎన్ని?” అన్నాడు.

“ఏంటియి?”

“మీరు మింగిన తప్పులు. ఎన్ని?”

“ఎందుకన్నా ఇప్పుడు…”

“లెక్కల టీచరమ్మవు. లెక్కవెట్టకుండ ఉంటవా?”

మాహిరాకు నవ్వు రాబోయి ఆగింది. “పదకొండు. పెద్దవి నాలుగే.”

అతను లేచి నిలబడ్డాడు. మోకాలు కలుక్కుమంది. “ఫోన్‌ల అసలు పుస్తకం ఉన్నది గద. పట్టుకొని పైకి రా. ఆ ఎర్ర పెన్ను కూడ తెచ్చుకో.”

“ఆడనీకా?”

“కాదు. చదువనీకి.”

పైన అతను చాప మీద గళ్ల కాగితాన్ని మెల్లగా పక్కకు జరిపాడు, అత్తరు మూత కదలకుండా. చిన్న చెక్కబల్ల మధ్యలోకి లాగి దాని ఈ వైపు తను కూర్చున్నాడు. ఆ వైపు మాహిరాను కూర్చోమన్నాడు. తౌఫీఖ్, వరుణ్ గోడకు ఆనుకొని చూస్తున్నారు. వాళ్లకు సీమోను సంగతి చెప్పాడు. అతను అసలు కాగితం పట్టుకొని ఎలా వినేవాడో, తప్పు వస్తే ఏం చేసేవాడో చెప్పాడు. మూడేళ్లలో ఆట సంగతి కాకుండా వాళ్లతో అంతసేపు మాట్లాడడం ఇదే మొదటిసారి.

“నేను పైకి చదివి అర్థం చెప్త. మొదటి పేజీ నుంచి. నువ్వు అసలుది చూస్కుంట విను. యాడ తప్పితే ఆడ పెన్నుతోని బల్ల మీద ఒక్కసారి కొట్టు. నోటితోని ఏం చెప్పొద్దు. నేనే పట్టుకుంట.”

“మరి నూర్ సంగతేంది?” అన్నాడు వరుణ్. “బతికినట్టా, సచ్చినట్టా?”

“ఆ పేజీ వచ్చినప్పుడు చూద్దాం,” అంది మాహిరా. పచ్చ నోటుబుక్కు ఆమె చంకలో ఉంది. ఎప్పుడు తెచ్చుకుందో విశ్వేశ్వర్ చూడలేదు. రబ్బరుబ్యాండు ఇంకా దానికే ఉంది.

అతను కళ్లజోడు దించుకొని మొదటి పేజీ తెరిచాడు. ఒక వాక్యం ఇంగ్లిషులో చదివాడు, తెలుగులో చెప్పాడు. రెండో వాక్యం చదివాడు. రెండో పేజీ అయింది, మూడో పేజీ అయింది. వహీదా చాయ్ తెచ్చి గోడ పక్కన పెట్టి, ఎవరూ తీసుకోకపోవడం చూసి, తను కూడా గుమ్మం దగ్గర కూర్చుంది. ఆరో పేజీలో అతను ఓడ మలుపు తిరగడం గురించి చెబుతున్నాడు. మూడేళ్లుగా చెబుతున్న మాటే.

బల్ల మీద టక్కుమంది.

అతను ఆగాడు. నాలుగేళ్లుగా ఆ చప్పుడు వినపడలేదు. వినపడకపోతే తను తప్పులు చేయడం లేదనుకున్నాడు. చెవులు మండిపోతున్నాయి. నలుగురూ అవి చూస్తున్నారని అతనికి తెలుసు. లేచి వెళ్లిపోతాడేమోనని తౌఫీఖ్ సగం లేచి మళ్లీ కూర్చున్నాడు.

విశ్వేశ్వర్ పెన్సిల్ వాక్యం మొదటికి తెచ్చాడు. మళ్లీ చదివాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి తప్పు కనిపించింది. పాత పెన్సిల్ గీతను రబ్బరుతో చెరిపి, పొట్టు ఊదేసి, పక్కన సరైన మాట రాశాడు.

“వరుణ్ చెప్పిందే కరెక్టు,” అన్నాడు. “ఊఁ. ఇంక పది.”

చల్లారిన చాయ్ తాగి తర్వాతి పేజీ తిప్పాడు.